పల్లె గొంతు మార్చుకోని మహేలియమ్మ

భక్తుల జీవితాలు – క్రిస్మస్ ప్రత్యేకం



డిసెంబరు నెల వచ్చిందంటే మన గల్ఫ్ సహవాసాల్లో రెండు మొదలవుతాయి. ఒకటి క్యారల్స్ ప్రాక్టీసు. రెండోది ఆ ప్రాక్టీసులో గొడవ. పెద్దవాళ్ళేమో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీసి, హార్మోనియం, తబలా చాలు, మన తాతలు పాడినట్టే పాడుకుందాం అంటారు. కుర్రాళ్ళేమో కీబోర్డు, ప్యాడ్స్, గిటారు పట్టుకొచ్చి, కొత్త పాటలు ఫాస్టు బీటుతో కావాలంటారు. వీళ్ళకి వాళ్ళది నిద్రపాట. వాళ్ళకి వీళ్ళది సినిమా పాట. మాటా మాటా పెరిగి, క్రిస్మస్ వచ్చేసరికి ఒక సహవాసం రెండు ముక్కలైన చోట్లు మీలో కొందరికి తెలుసు.

ఏది భక్తి పాట, ఏది లోకపు పాట అని నన్ను చాలామంది అడుగుతున్నారు. నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాను. స్టీల్ ఫిక్సర్ పని చేసి, ఇనుప చువ్వలు కట్టి బతికినవాణ్ణి. అందుకని రాగాల గురించి తీర్పు చెప్పను. ఒక అమ్మ జీవితం చెప్తాను. ఓపిగ్గా చదవండి. డ్యూటీ నుంచి అలసిపోయి వస్తే రేపు చదవండి, గానీ సగంలో వదిలేయకండి.

ఆమె పేరు మహేలియా జాక్సన్. 1911 అక్టోబరు 26న అమెరికాలో, లూసియానా రాష్ట్రంలోని న్యూ ఆర్లీన్స్ ఊళ్ళో పుట్టింది. నల్లజాతి కుటుంబం. ఆమె తాతల తరం బానిసత్వంలో పుట్టినవాళ్ళు. మూడు గదుల ఇల్లు, అందులో పదమూడు మంది. మన క్యాంపు రూముల్లో ఉన్నవాళ్ళకి ఆ లెక్క వేరే చెప్పక్కర్లేదు. తండ్రి పగలు రేవులో కూలి పని, రాత్రి క్షౌరం పని చేసేవాడు, ఆదివారం వాక్యం చెప్పేవాడు. ఆయన వేరే ఇంట్లో ఉండేవాడు. మహేలియాకు ఐదేళ్ళప్పుడు తల్లి చనిపోయింది. పెద్దమ్మ ఒకావిడ ఆమెనూ ఆమె సోదరుణ్ణీ తీసుకెళ్ళి పెంచింది. పెద్దమ్మ చాలా కఠినమైన మనిషి. ఇల్లు తుడవాలి, బట్టలు ఉతకాలి, ఆదివారం మందిరానికి వెళ్ళాలి. చదువు చిన్న తరగతుల్లోనే ఆగిపోయింది.

ఆ పిల్ల చెవిలో ఏయే పాటలు పడ్డాయో చూడండి, తర్వాత కథంతా దాని మీదే నడుస్తుంది. వాళ్ళు వెళ్ళే బాప్టిస్టు మందిరంలో పాత కీర్తనలు నెమ్మదిగా, సాగదీసి పాడేవాళ్ళు. వాళ్ళ ఇంటి పక్కనే ఇంకో చిన్న మందిరం ఉండేది. అక్కడ ఆర్గన్ లేదు. డ్రమ్ము, తంబురీను, చేతులు, కాళ్ళు, అన్నీ వాయిద్యాలే. ఒళ్ళంతా ఊగిపోతూ పాడేవాళ్ళు. వీధిలోకి వస్తే బాకాల బ్యాండ్లు. జాజ్ సంగీతం పుట్టి పెరిగిన ఊరు న్యూ ఆర్లీన్సే. అక్కడ మనిషిని సాగనంపినా బ్యాండు, పండగైనా బ్యాండు. ఇక ఇంట్లో పెద్దమ్మ లేనప్పుడు, పెద్దమ్మ కొడుకు తెచ్చిన గ్రామఫోను రికార్డుల్లో బెస్సీ స్మిత్ అనే బ్లూస్ గాయని గొంతు వినిపించేది. బ్లూస్ అంటే వాళ్ళ దుఃఖగీతాలు. పని దొరక్క, మనిషి వదిలేసి వెళ్ళి, కడుపు మండి పాడుకునేవి.

జాజ్ అంటే తెలియనివాళ్ళకి నాకు అర్థమైనంత చెప్తాను. రాసి ఉన్న పాటను రాసినట్టే వాయించరు. తాళం ఒకచోట పడుతుందని మనం అనుకుంటే, కొంచెం ముందో కొంచెం వెనకో పడుతుంది. పాడేవాడు అప్పటికప్పుడు తన మనసులోంచి సంగతులు వేస్తాడు. మన కచేరీల్లో ఒకే కీర్తనను ఇద్దరు విద్వాంసులు ఒకేలా పాడరు కదా, అలా అనుకోండి. ఆ పద్ధతి మహేలియాకు ఎవరూ నేర్పలేదు. ఊరి గాలిలోంచే వచ్చింది.

పదహారేళ్ళ వయసులో ఆమె రైలెక్కి షికాగో వెళ్ళింది. ఆ రోజుల్లో దక్షిణాది నుంచి లక్షలమంది నల్లజాతివాళ్ళు ఉత్తరాది పట్నాలకు వలస పోతున్నారు. ఫ్యాక్టరీల్లో పని దొరుకుతుందని, కనీసం మనిషిగా చూస్తారని. నర్సు చదువు చదవాలని ఆమె కోరిక. దొరికిందేమో బట్టలు ఉతికే పని, ఇళ్ళలో పని, హోటల్లో గదులు శుభ్రం చేసే పని. అరబ్బు ఇళ్ళలో పని చేస్తున్న నా అక్కచెల్లెళ్ళారా, ఏదో అనుకొని బయల్దేరి ఇంకేదో చేస్తూ ఉండిపోవడం ఏంటో మీకు తెలుసు. కొత్త ఊరు, చలి, భయం. ఆమెకు తెలిసిన చోటు ఒక్కటే, దేవుని మందిరం. వచ్చిన తొలి రోజుల్లోనే గ్రేటర్ సేలం బాప్టిస్టు సంఘానికి వెళ్ళి, లేచి నిలబడి తన ఊళ్ళో పాడినట్టే పాడింది.

ఇక్కడే చిక్కు మొదలైంది.

షికాగోలోని పెద్ద పెద్ద నల్లజాతి సంఘాలు అప్పటికే పట్నవాసపు సంఘాలు. అక్కడ పైపు ఆర్గన్లు, గౌన్లు వేసుకున్న కోయిర్లు, ఐరోపా సంగీతకారులు కూర్చిన పాటలు. అందరూ కదలకుండా నిలబడి, నోటు పుస్తకం చూసి పాడాలి. చప్పట్లు, కేకలు, ఊగడం పనికిరాదు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, వాళ్ళ బాధ కూడా మనం వినాలి. బానిసలుగా ఉన్న జనం. మీకు చదువు రాదు, సంస్కారం రాదు అని తెల్లవాళ్ళ చేత మాటలు పడ్డ జనం. మేము కూడా ఎవరికీ తక్కువ కాదని చూపించాలని శుద్ధమైన పాట, శుద్ధమైన పద్ధతి కష్టపడి నేర్చుకున్నారు. ఇంతలో దక్షిణాది నుంచి పల్లెటూరి జనం మూటాముల్లె సర్దుకొని వచ్చి, ఆ పాత కేకలే మళ్ళీ మొదలుపెడితే వాళ్ళకి తలకొట్టేసినట్టయింది. ఏ మట్టి దులుపుకొని వచ్చామో ఆ మట్టినే గుమ్మంలోకి తెచ్చినట్టయింది.

మహేలియా తన సంఘంలో కాపరిగారి కొడుకులతో కలిసి జాన్సన్ సింగర్స్ అనే చిన్న బృందంగా పాడేది. చిన్న చిన్న మందిరాల్లో, అద్దె కొట్లలో పెట్టుకున్న సంఘాల్లో వాళ్ళని పిలిచేవాళ్ళు. అక్కడికి వచ్చేవాళ్ళంతా ఆమెలాంటి వలస జనమే. ఆమె గొంతెత్తితే వాళ్ళకి ఊరు కనిపించేది, కళ్ళ నీళ్ళు తిరిగేవి. పెద్ద సంఘాల్లో మాత్రం ముఖాలు ముడుచుకునేవాళ్ళు. చేతులు ఆడించడం ఏంటి, ఒళ్ళు ఊపడం ఏంటి, ఇది జాజ్, దీన్ని దేవుని మందిరంలోకి తెస్తారా అన్నారు. ఒక బోధకుడు అందరి ముందే ఆమె పాటను తప్పుపడితే, దక్షిణాన మేము ఇలాగే పాడుకుంటామని ఆమె సమాధానం చెప్పిందని అంటారు.

డబ్బు కూడబెట్టుకొని ఒకసారి సంగీతం మాస్టారి దగ్గరకు కూడా వెళ్ళింది. పాఠానికి నాలుగు డాలర్లు. అప్పట్లో ఇళ్ళలో పని చేసే అమ్మాయికి అది చిన్న మొత్తం కాదు. ఆయన పాట విని, ఆ అరుపులు మానుకో, ఇలా పాడితే మన జాతికే గౌరవం కాదు అనే అర్థం వచ్చేలా చెప్పాడు. ఆమె మళ్ళీ ఆ పాఠానికి వెళ్ళలేదు.

అన్నలారా, ఈ ఒక్క విషయం ఆగి ఆలోచించండి. ఆ మాస్టారు తప్పుపట్టింది స్వరాన్నేనా? ఆ పిల్ల ఊరిని, పెద్దమ్మను, పక్కింటి మందిరాన్ని, చనిపోయిన తల్లిని కూడా కలిపి తక్కువ చేసినట్టయింది. ఆయనకు ఆ సంగతి తెలియకపోవచ్చు. మనం కూడా ఒకరి పాటను వెక్కిరించేటప్పుడు ఆ పాట వెనక ఏముందో చూడం.

అదే కాలంలో షికాగోలో థామస్ డోర్సీ అనే ఆయన ఉండేవాడు. 1899లో జార్జియా రాష్ట్రంలో పుట్టాడు, బోధకుడి కొడుకు. పెద్దయ్యాక దారి తప్పి నైట్ క్లబ్బుల్లో బ్లూస్ పియానో వాయించి పేరు తెచ్చుకున్నాడు. తర్వాత దేవుని వైపు తిరిగాడు. గానీ చేతివేళ్ళకు అలవాటైన ఆ నడక మాత్రం పోలేదు. దేవుని పాటల్నే ఆ నడకలో కూర్చాడు. సంఘాలు ఒప్పుకోలేదు. మంచి మంచి సంఘాలే తనను బయటికి పంపాయని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. 1932లో ఆయన వేరే ఊళ్ళో పాటల కోసం వెళ్ళినప్పుడు భార్య కాన్పులో చనిపోయింది. పుట్టిన బిడ్డ కూడా బతకలేదు. ఆ దుఃఖంలోనే ప్రభువా నా చెయ్యి పట్టుకో అని అడిగే పాట ఒకటి రాశాడు. ప్రపంచమంతా ఆ పాటను ఎరుగును. ఎక్కడో దేశంలో డ్యూటీలో ఉండగా ఇంటి నుంచి చావు కబురు ఫోన్లో విన్నవాళ్ళు మనలో ఎందరో ఉన్నారు. ఆ పాట ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్ళకి నేను చెప్పాలా?

డోర్సీ పాటలు రాసేవాడు, మహేలియా పాడేది. ఇద్దరూ కలిసి ఊరూరా తిరిగి, పాడి, పాట కాగితాలు కొన్ని పైసలకు అమ్మేవాళ్ళు. గాస్పెల్ సంగీతం అని ఈ రోజు అందరూ గౌరవించే పద్ధతి అలా నిలబడింది.

ఇంతవరకు విని, చూశారా బీటు పాటలే గెలిచాయి అని కుర్రాళ్ళు సంతోషపడొద్దు తమ్ముడూ. రెండో వైపు కూడా ఉంది.

ఆమె గొంతు విన్న లోకంవాళ్ళు ఊరుకోలేదు. రికార్డు కంపెనీవాళ్ళు బ్లూస్ పాడమన్నారు. పాడితే డబ్బే డబ్బు. మొదటి భర్త కూడా ఇంత గొంతు పెట్టుకొని మందిరాల్లో చిల్లరకు పాడతావేంటని పోరు పెట్టేవాడు. 1930ల చివర్లో ఇంట్లో జరుగుబాటు లేనప్పుడు ఆయన బలవంతం మీద ఒక స్వింగ్ నాటకానికి వెళ్ళి పాడి చూపించింది. ఎంపికైంది కూడా. సరిగ్గా అప్పుడే భర్తకు పని దొరికిందని తెలిసి, ఆ వేషం వద్దని వచ్చేసింది. చివరి వరకు బ్లూస్ పాడలేదు, క్లబ్బులో పాడలేదు. బెస్సీ స్మిత్ గొంతు చిన్నప్పటి నుంచి చెవిలో ఉంది, ఆ విరుపులు ఆమె పాటలో వినిపిస్తాయి కూడా. కానీ పాట ఎవరికి పాడాలో ఆ విషయంలో గీత గీసుకుంది. ఆ గీత తాళం దగ్గర గీయలేదు, వాయిద్యం దగ్గర గీయలేదు. ఎవరి పేరున పాడుతున్నాను అన్నచోట గీసింది.

అందుకని మహేలియమ్మకు రెండు వైపులా మాటలే. సంఘంలో కొందరికి ఆమె మరీ జాజ్. జాజ్‌వాళ్ళకి ఆమె మరీ మందిరం మనిషి. ఆమె మాత్రం బ్యూటీ పార్లర్ పెట్టుకొని, పగలు జుట్టు కత్తిరించి, రాత్రిళ్ళు, ఆదివారాలు పాడుతూ పోయింది.

1947లో అపోలో కంపెనీకి ఒక పాట రికార్డు చేసింది. మెంఫిస్ ఊరి బోధకుడు హెర్బర్ట్ బ్రూస్టర్ గారు రాసిన పాట. అది పది లక్షలకు పైగా అమ్ముడైందని చెప్తారు. అప్పటికి ఆమెకు ముప్పై ఐదేళ్ళు దాటాయి. 1950 అక్టోబరులో న్యూయార్కులోని కార్నెగీ హాల్లో పాడింది. పేరొచ్చినా ఒక అలవాటు మానలేదు. కచేరీ డబ్బు చేతికి నగదుగా ఇస్తేనే పాట. ఎందుకంటే అప్పటికి ఎందరో ఆమెను మోసం చేశారు. జీతం నెలల తరబడి ఆగిపోయి ఎదురుచూసినవాళ్ళకి ఆ అలవాటు వింతగా అనిపించదు.

ఇప్పుడు మన క్రిస్మస్ సంగతికి వద్దాం.

ఆ 1950లోనే ఆమె సైలెంట్ నైట్ పాట రికార్డు చేసింది. ఆ రాగంతో మనం తెలుగులో కూడా పాడుకుంటాం. క్రిస్మస్ పాటల్లో అంతకంటే సంప్రదాయమైనది లేదని పెద్దలు అనుకుంటారు. గానీ దాని పుట్టుక చూడండి. ఆస్ట్రియా దేశంలో సాల్జ్‌బర్గ్ దగ్గర ఓబెర్న్‌డార్ఫ్ అనే చిన్న ఊరు. జోసెఫ్ మోర్ అనే యువ పాదిరి మాటలు రాసుకున్నాడు. ఫ్రాంజ్ గ్రూబర్ అనే బడిపంతులు రాగం కట్టాడు. 1818 డిసెంబరు 24 రాత్రి ఆ ఇద్దరూ గిటారు మీద దాన్ని మొదటిసారి పాడారు. అవును, గిటారే. ఈ రోజు గిటారు వద్దనే పెద్దాయన కళ్ళు మూసుకొని పాడుకునే పాట, గిటారు మీద పుట్టిన పాట.

మిగతావి కూడా అంతే. జాయ్ టు ద వరల్డ్ మాటలు ఐజాక్ వాట్స్ గారు 1719లో అచ్చు వేశారు. మనకు తెలిసిన రాగం దానికి చాలా ఏళ్ళ తర్వాత గానీ దొరకలేదు. హార్క్ ద హెరాల్డ్ ఏంజెల్స్ పాటకు చార్లెస్ వెస్లీ గారి మాటలు 1739 నాటివి. ఇప్పటి రాగం మెండెల్సన్ అనే ఆయన 1840లో కట్టింది. అదీ అచ్చు యంత్రం తెచ్చిన గూటెన్‌బర్గ్ జ్ఞాపకార్థం జరిగిన ఉత్సవానికి. ఆ రాగం దైవగీతానికి సరిపోదని ఆయనే అనుకున్నాడు. ఈ రోజు అది లేకుండా క్రిస్మస్ లేదు. మన దగ్గర చూసినా అంతే. పురుషోత్తమ చౌధరి గారు (1803–1890) దొరల రాగాలు పక్కనపెట్టి మన రాగాల్లో, మన తాళాల్లో కీర్తనలు కట్టారు. అందుకే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం పేర్లు కనిపిస్తాయి. ఈ రోజు పాతది అని మనం గౌరవించేది, ఆ రోజు కొత్తదే.

మరి మహేలియమ్మ ఆ సైలెంట్ నైట్‌ను ఎలా పాడింది? వెతికి వినండి, దొరుకుతుంది. జాజ్ కదా అని వేగం పెంచలేదు. ఇంకా నెమ్మది చేసింది. ఒక్కో మాటను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకొని, కొంచెం సాగదీసి, కొంచెం వంచి, ఊపిరి తీసుకొని వదులుతుంది. స్వరం రాసినచోట నిలబడదు. రాగం ఐరోపాది, పాట జర్మన్ భాషలో పుట్టింది, ఆ వంపు మాత్రం న్యూ ఆర్లీన్స్ పక్కింటి మందిరానిది. ఆ పాట డెన్మార్క్, నార్వే లాంటి దేశాల్లో ఆమెకు ఎంతో పేరు తెచ్చింది. ఐరోపా కీర్తనలు సరిగ్గా పాడడం రాదని షికాగోలో మాటలు పడ్డ మనిషి, ఐరోపా కీర్తనను ఐరోపావాళ్ళకే పాడి వినిపించి ఏడిపించింది. దేవుని పని చూశారా!

1954లో కొలంబియా అనే పెద్ద కంపెనీకి మారింది. క్రిస్మస్ పాటలతో 1955లో ఒక ఆల్బం, 1962లో ఇంకొకటి వచ్చాయి. ఇప్పుడు గొడవ తిరగబడింది. కంపెనీవాళ్ళు వెనక వయొలిన్లు, పెద్ద కోయిర్లు పెట్టి నున్నగా చేశారని, మహేలియాలో మునుపటి మంట తగ్గిందని పాత అభిమానులు బాధపడ్డారు. ఒకప్పుడు మరీ మోటు అన్నారు, ఇప్పుడు మరీ నున్నన అన్నారు. అందరి చెవికీ నచ్చేలా పాడడం ఏ మనిషి వల్లా కాదు, అన్నలారా. ఆమె వల్ల కూడా కాలేదు.

1958లో న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో పాడమని పిలిస్తే వెళ్ళింది. జాజ్ వినడానికి వచ్చిన జనం ముందు నిలబడి ప్రభువు నేర్పిన ప్రార్థనను పాటగా పాడింది. అది సినిమాలో కూడా ఉంది. తాగుతూ, నవ్వుతూ, ఆడుతూ ఉన్న జనం ఎలా నిశ్శబ్దమయ్యారో చూడొచ్చు. అదే ఏడాది జాజ్ మహారాజు లాంటి డ్యూక్ ఎలింగ్టన్‌తో కలిసి ఇరవై మూడో కీర్తన రికార్డు చేసింది.

ఆ ఎలింగ్టన్ గారి సంగతి కూడా ఒక్క మాట. 1965 డిసెంబరు 26న, క్రిస్మస్ మర్నాడు, న్యూయార్కులో ఒక ప్రెస్బిటేరియన్ మందిరంలో తన జాజ్ బ్యాండుతో పవిత్ర సంగీత కచేరీ చేశాడు. అందులో దావీదు మందసం ముందు నాట్యం చేసిన సంగతిని ఒక నర్తకుడు కాళ్ళ తాళంతో ఆడి చూపించాడు. మరుసటి ఏడాది వాషింగ్టన్‌లో అలాంటి కచేరీ పెడితే అక్కడి బాప్టిస్టు బోధకుల సమాఖ్య మేము సమ్మతించమని తేల్చేసింది. నాకు అప్పుడు మీకాలు గుర్తొస్తుంది. దావీదు నాట్యం చేస్తుంటే కిటికీలోంచి చూసి మనసులో హీనపరచింది కదా. రాజు నాట్యం ఆమెకు నచ్చకపోవడం వేరు, మనసులో అతన్ని హీనపరచడం వేరు. బైబిలు ఆ రెండోదాన్ని రాసిపెట్టింది.

మహేలియమ్మ జీవితం పాటలతోనే గడిచిపోలేదు. 1950లలో షికాగోలో తెల్లవాళ్ళు ఉండే పేటలో సొంత డబ్బుతో ఇల్లు కొంటే, కిటికీల్లోంచి తుపాకీ గుండ్లు వచ్చి పడ్డాయి. అంత పేరున్న మనిషికే ఆ గతి. ఆమె ఇల్లు వదిలిపోలేదు. మార్టిన్ లూథర్ కింగ్ గారు నల్లజాతి హక్కుల కోసం పోరాడుతుంటే ఆయన వెంట నడిచి, పాడి, డబ్బు పోగుచేసి ఇచ్చింది. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో రెండు లక్షలమందికి పైగా చేరిన సభలో కింగ్ గారి ప్రసంగానికి ముందు పాడింది. 1968లో ఆయన్ని చంపేశాక, ఆయన అంత్యక్రియల రోజున డోర్సీ రాసిన ఆ చెయ్యి పట్టుకో పాటనే పాడింది. ఒకప్పుడు సంఘాలు బయటికి పంపిన పాట, ఒక దేశం ఏడ్చిన రోజున దానికి తోడు నిలిచింది.

ఆరోగ్యం పాడైపోతున్నా 1971లో మన దేశానికి కూడా వచ్చింది. కలకత్తా, ఢిల్లీ, మద్రాసు, బొంబాయి పట్నాల్లో పాడింది. ఇందిరాగాంధీ గారిని కలిసింది. మర్నాటి ఏడాది, 1972 జనవరి 27న, అరవై ఏళ్ళకే ప్రభువు పిలుపు అందుకుంది. షికాగోలోనూ న్యూ ఆర్లీన్స్‌లోనూ వేలమంది వచ్చి చూశారు. పదహారేళ్ళప్పుడు వదిలొచ్చిన ఆ ఊరి పక్కనే ఆమెను సమాధి చేశారు.

ఇక మన దగ్గరికి వద్దాం.

మన సహవాసంలో కీర్తన పాడమని పట్టుబట్టే పెద్దాయనను చూడండి. ఇరవై ఏళ్ళుగా ఎడారిలో ఉన్నాడు. అమ్మ చనిపోతే వెళ్ళలేకపోయాడు. ఆ కీర్తన పాడినప్పుడు వాళ్ళ పల్లెలో పెంకుటింటి మందిరం, పెట్రోమాక్స్ లైటు, అమ్మ కొంగు ఆయన కళ్ళ ముందుకు వస్తాయి. ముసలి పాట అని మీరు నవ్వితే, ఆయన అమ్మను చూసి నవ్వినట్టే. ఇటు కీబోర్డు కుర్రాణ్ణి చూడండి. వాడు పుట్టేటప్పటికే వాళ్ళ ఊరి మందిరంలో డ్రమ్ములు ఉన్నాయి. ఆ బీటులోనే వాడు మారుమనస్సు పొందాడు. పన్నెండు గంటల డ్యూటీ చేసి, నిద్ర మానుకొని ప్రాక్టీసుకు వస్తున్నాడు. సినిమా పాట అని వాణ్ణి కసిరితే, వాణ్ణి ప్రభువు కలిసిన చోటును కసిరినట్టే. షికాగో పెద్ద సంఘాలు మహేలియాకు చేసింది, పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకీ చేయొచ్చు, చిన్నవాళ్ళు పెద్దవాళ్ళకీ చేయొచ్చు. పట్నంవాళ్ళు పల్లెవాళ్ళకీ, కోస్తావాళ్ళు తెలంగాణవాళ్ళ యాసకీ చేయొచ్చు.

రుచులు వేరుగా ఉండడం పాపం కాదు. ఒకరికి పులుసు, ఒకరికి పప్పు. మెస్సులో ఒకే గిన్నె దగ్గర కూర్చుని తినడం నేర్చుకున్నాం గదా, పాట దగ్గర ఎందుకు నేర్చుకోం? మీకు నచ్చని పాట వచ్చినప్పుడు ఫోను తీయకుండా, లేచి వెళ్ళకుండా, కడవరకు కూర్చుని వినండి. అది కూడా ఆరాధనే. పెద్దాయన కీర్తన ఎత్తుకుంటే, కీబోర్డు తమ్ముడూ, నువ్వు శ్రుతి పట్టు. ఆ తాళం నేర్చుకో, అది అంత తేలిక కాదని నీకే తెలుస్తుంది. తమ్ముడి పాట వచ్చినప్పుడు, పెద్దాయనా, మీరు చప్పట్లు కలపండి.

ఇంకో మాట. నెలకు ఒక్క శుక్రవారం బయటికి పంపితే గొప్ప అనుకునే చెల్లెళ్ళు మన ఆరాధనకు వస్తారు. ఈ క్రిస్మస్‌కు ఏ పాట పాడాలో వాళ్ళని ఎవరైనా అడిగారా? ఆ పాట కోసం ఆమె నెలంతా ఎదురుచూసి ఉంటుంది. మొదటి పాట ఆమెను అడిగి పాడండి. అలాగే క్యాంపులో క్యారల్స్ పాడేటప్పుడు నైట్ డ్యూటీ చేసి పడుకున్నవాళ్ళు ఉంటారు, మన విశ్వాసం కానివాళ్ళు ఉంటారు. ఏ రాగమైనా సరే, నిద్రపోయేవాడి చెవి దగ్గర డ్రమ్ము కొడితే అందులో ప్రేమ లేదు.

బేత్లెహేము రాత్రి దూతలు పాడింది గొర్రెల కాపరులకు. వాళ్ళకి సంగీతం తెలుసా అని దేవుడు అడగలేదు. వాళ్ళు ఊరికి దూరంగా, రాత్రి డ్యూటీలో ఉన్న కూలివాళ్ళు. ఆ పాట వాళ్ళకి అర్థమైంది, లేచి వెళ్ళారు. అది చాలు.

ప్రార్థన చేద్దాం. తండ్రీ, మహేలియమ్మకు ఇచ్చిన ధైర్యం మాకు కూడా ఇవ్వండి. మా గొంతులను మేము సిగ్గుపడకుండా మీకు అప్పగించేలా, మా పొరుగువాడి గొంతును హీనపరచకుండా ఉండేలా మా చెవులను మార్చండి. ఈ క్రిస్మస్‌కు మా సహవాసాలు చీలిపోకుండా కాపాడండి. ఇళ్ళకు దూరంగా ఉన్న ప్రతి బిడ్డకూ ఒక పాటైనా తోడుగా ఉంచండి. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్. 🙏

చదవడం రాని రూమ్మేట్ ఎవరైనా ఉంటే దయచేసి చదివి వినిపించండి. మీ క్యారల్స్ గ్రూపులో ముందు పెద్దవాళ్ళకి, తర్వాత కుర్రాళ్ళకి, ఇద్దరికీ పంపండి. ఒక్కరికే పంపితే మళ్ళీ గొడవే.

అందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు. ప్రభువు కృప మీకు తోడై ఉండును గాక.